గాటు లేని మైనం బిళ్ళ

పిట్స్‌బర్గ్,
ఫిబ్రవరి 9

ఈరీలో కూర్చుని ఇన్నేళ్ళుగా నా మీద అలక మానని ఆగ్నెస్ అక్కకి,

చించెయ్యకుండా చదువు. ఈ ఉత్తరం రాయడానికి ఆరు రోజులు పట్టింది. చేతులు పడిపోయి ఏడాదిన్నర అయింది, మాట పోయి నాలుగు నెలలు. తెర మీద అక్షరాలను కళ్ళతో ఒక్కొక్కటే ఏరుకుని రాస్తున్నాను. ఇంత కష్టపడి ఎవరూ అబద్ధం రాయరు కదా, అందుకని నమ్ము.

ఒడెట్ అనే అమ్మాయి సంగతి మా ఆయన ఎమిల్ నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మంగళవారం, శుక్రవారం మా ఇంటికి వస్తుంది. ఎమిల్ పొద్దున్నే వీధిలో మంచు తోడి, ఆ జాగాలో వంటింటి కుర్చీ వేసి ఉంచుతాడు, ఇంకెవడూ కారు పెట్టకుండా. ఆ పిల్ల నా తలకి బెజ్జాల టోపీ తొడిగి, బెజ్జం బెజ్జంలో చల్లటి జెల్ పోస్తుంది. నేను కుడి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకుంటే 'అవును', ఏమీ అనుకోకుండా ఊరుకుంటే 'కాదు'. మెదడులో పుట్టే సన్నటి కరెంటును చూసి, ఏది అవునో ఏది కాదో యంత్రం తనంతట తనే నేర్చుకోవాలి. ఏదో ఒక రోజు నా కళ్ళు కూడా మొరాయిస్తాయి. ఆ తర్వాత ఎమిల్‌తో నేను మాట్లాడాలంటే ఇదొక్కటే దారి.

మొదటి మూడు రోజులూ వందకి యాభై ఒకటి, నలభై తొమ్మిది, యాభై రెండు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. నాలుగో రోజు ఒడెట్ "ఫర్వాలేదండీ, ఇంకోసారి చూద్దాం" అని అటు తిరిగి స్వెట్టరు చేతికి ముక్కు తుడుచుకుంది. గుమ్మంలో ఎమిల్ గిన్నెలు తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహం చూడలేకపోయానే అక్కా. అప్పుడు చేశాను ఆ పని.

'అవును' రావాల్సినప్పుడల్లా వెనక పళ్ళు మెల్లగా కొరికిపట్టాను. చెవి పైన ఉండే కండరం ఆ టోపీ కిందే ఉంటుంది. కండరాల చప్పుడు వడగట్టడానికి వాళ్ళకో జల్లెడ ఉందిలే, కానీ నేను నొక్కింది దానికి చిక్కనంత మెత్తగా. ముప్పై ఒక్కేళ్ళు స్కూల్ బస్సు నడిపాను. వెనక అరవై మంది గోల చేస్తుంటే పెదవి కదపకుండా పళ్ళు నూరడంలో నన్ను మించిన వాళ్ళు ఈ ఊళ్ళోనే లేరు. యంత్రం కూడా బడి పిల్లల జాతే, సులువు దొరికితే కష్టం జోలికి పోదు. వారం తిరిగేసరికి తొంభై మూడు. ఒడెట్ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. శుక్రవారం చర్చి వాళ్ళ చేపల వేపుడు విందులో ఎమిల్ ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి "మా ఆవిడ తలతో మాట్లాడుతోంది" అని చెప్పొచ్చాడట.

నువ్వు ఇప్పుడు ఏమంటావో నాకు తెలుసు. "కుక్క తోక వంకర, పేకాటలోనూ ఇంతే" అంటావు. ఆ జోకరు నేను దాచలేదని నీకు వందసార్లు చెప్పాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మూడు వారాలుగా ఆ తొంభై మూడు దిగజారుతోంది. ఎనభై ఎనిమిది, డెబ్భై తొమ్మిది, మొన్న డెబ్భై. ఒడెట్ తన లెక్కల్లో తప్పు వెతుక్కుంటోంది. తప్పు లెక్కల్లో లేదు. నా దవడ పోతోంది. డాక్టరు కంటే ముందు నాకు ఆ అంకెలే చెప్పాయి. మెత్తగా మెదిపిన బంగాళాదుంప కూడా నాలుగు ముద్దలకే అలుపొస్తోంది. భయంగా ఉంది అక్కా. ఎమిల్‌కి తెలియదు.

దానికి తోడు ఇంకొకటి. టొలీడోలో రస్సెల్ అనే ఆయన ఉన్నాడు. కనుగుడ్డు కూడా తిప్పలేడు. నా తొంభై మూడు చూసి, ఈ యంత్రాన్ని ఏప్రిల్లో ఆయనకి పెడతారట. వాళ్ళావిడ నాకు కృతజ్ఞతలు రాసి కార్డు పంపింది, మీద గులాబీల బొమ్మ. అది చూసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

చెప్పేస్తాను. వద్దని రాయకు, రాసినా వినను.

నీ మొండి చెల్లెలు,
బెర్నడీన్


పిట్స్‌బర్గ్,
మార్చి 4

అక్కా,

నీ కార్డు అందింది. "నాకు ముందే తెలుసు" అని మూడే మాటలు రాశావు. ఇంత దూరం నుంచి ఎత్తిపొడవడం నీకే చెల్లింది.

శుక్రవారం ఒడెట్‌తో పాటు వాళ్ళ ప్రొఫెసర్ క్రెమెర్ కూడా వచ్చాడు, అంకెలు ఎందుకు పడిపోతున్నాయో చూడ్డానికి. నేను చెప్పదలుచుకున్నది నాలుగు రోజుల ముందే తెర మీద రాసి పెట్టుకున్నాను. టోపీ తొడగబోతుంటే తెర మీది మీటని కళ్ళతో నొక్కాను, రాసింది పైకి చదివే ప్లాస్టిక్ గొంతు మొదలుపెట్టింది: "అది నా తల కాదు, నా దవడ. మీకు పళ్ళు నూరి చూపించాను." చివరిదాకా చదివింది.

ఒడెట్ తెల్లబోయింది. క్రెమెర్ మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, పసిపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. "బెర్నడీన్ గారూ, మీరు అలిసిపోయి ఉన్నారు. ఏ ప్రయోగంలోనైనా కాస్తో కూస్తో కల్తీ ఉంటుంది. దీన్ని మనలోనే ఉంచుకుందాం, మిగతాది మేం సర్దుకుంటాం."

నాకు ఒళ్ళు మండింది. కళ్ళతో తిట్టడం ఎంత ఆలస్యమో నీకేం తెలుసు. ఒక్కో మాటకి నిమిషం పట్టింది, అయినా ఆయన్ని కూర్చోబెట్టాను. "పాలలో నీళ్ళు కలిస్తే కల్తీ. ఇక్కడ అసలు పాలే లేవు."

"అలా అనకండి, మెదడు సంకేతం కొంతైనా..."

"టొలీడో ఆయన దవడ ఆడుతుందా?"

"లేదు."

"మరి దేంతో నూరుతాడు?"

ఆయన వాచీ చూసుకున్నాడు. అప్పుడు ఒడెట్ నోరు విప్పింది. నెమ్మదస్తురాలు, ఆయన ముందు ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. "తప్పు నాది కూడా సార్. తొంభై మూడు వచ్చిన రోజే అనుమానించాలి. యాభై వస్తే పదిసార్లు సరిచూశాను, తొంభై వస్తే ఒక్కసారి కూడా చూడలేదు. టొలీడో వాళ్ళకి నేనే రాస్తాను." ఈ పని మీదే తన పట్టా ఆధారపడి ఉందట. ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. అయినా రాస్తానంది. ఆయన కోటు తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఒడెట్‌ని వదల్లేదు. "నేర్పినదంతా చెరిపెయ్. మళ్ళీ మొదటి నుంచి. నా బుగ్గలకి కూడా కరెంటు పసిగట్టే బిళ్ళలు అంటించు. పళ్ళ డాక్టరు వాడే గులాబీ మైనం తెప్పించి నా పళ్ళ మధ్య పెట్టు. దాని మీద గాటు పడితే ఆ రోజు పని మొత్తం పారెయ్" అన్నాను. ఒడెట్ ఏడుస్తూ నవ్వింది. "మీరు మామూలు మనిషి కాదండీ" అంది.

ఆ సాయంత్రం ఎమిల్ నా జుట్టులో జెల్ కడుగుతున్నాడు. నేనే అడిగాను, "కోపం వచ్చిందా" అని.

"ఎందుకూ? నాకు ముందే తెలుసు. ముప్పై నాలుగేళ్ళు నా మీద నూరిన పళ్ళే కదా. ఈ కణత దగ్గర నరం లేస్తే నాకు మూడిందన్న మాటే."

"మరి చెప్పలేదేం?"

"గెలుస్తున్నావు కదే. గెలిచేటప్పుడు నువ్వు బాగుంటావు."

అప్పుడు దవడ సంగతి చెప్పాను. చెంబు కింద పెట్టేశాడు. చాలాసేపు నా తడి తల వాడి పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత తల తుడిచి సూపు పెట్టాడు.

ఈసారి తాడో పేడో తేల్చుకుంటాను. నెత్తిన పుట్టెడు జెల్ పోసినా సరే.

నీ చెల్లెలు,
బెర్నడీన్


పిట్స్‌బర్గ్,
ఏప్రిల్ 22

ఆగ్నెస్ అక్కా,

మళ్ళీ యాభై దగ్గరే మొదలైంది. పళ్ళ మధ్య మైనం, బుగ్గలకి తీగలు, నెత్తిన టోపీ. అద్దంలో చూసుకుంటే దిష్టిబొమ్మ నయమనిపించింది. రెండుసార్లు మైనం మీద గాటు పడింది, అలవాటు కొద్దీ. రెండుసార్లూ నేనే "పారెయ్" అన్నాను. ఒడెట్ పారేసింది.

ఊహించుకోవడం నాకు రాలేదు, అసలు చిక్కు అక్కడే. ఉత్త పిడికిలి తలుచుకుంటే ఏం వస్తుంది? ఒకరోజు విసుగొచ్చి పిడికిలి మానేసి బస్సు తలుపు తలుచుకున్నాను. కుడిచేత్తో ఆ పెద్ద ఇనుప పిడి పట్టుకుని లాగడం, బిరుసుగా ఉండి చివర్లో వదులయ్యేది. రోజుకి ఎన్నిసార్లు లాగానో, ముప్పై ఒక్కేళ్ళు. అంతే, యాభై ఎనిమిది. పోయిన వారం అరవై ఒకటి. వరసగా నాలుగు రోజులూ అరవై ఒకటే, బుగ్గ తీగల్లో ఏమీ లేదు. తొంభై మూడు చూసినప్పుడు ముద్దు పెట్టిన పిల్ల, అరవై ఒకటికి నేల మీద కూలబడి ఏడ్చింది.

అరవై ఒకటి తక్కువే. ఒడెట్ ఒక్కో ప్రశ్న తొమ్మిదిసార్లు అడిగి, ఎక్కువసార్లు ఏది వస్తే అది తీసుకుంటోంది. నత్త నడక. క్రెమెర్ ఈ అంకె ఎవరికీ చూపించలేమన్నాడట. చూపించకపోతే మానె. టొలీడో ఆవిడకి ఒడెట్ నిజమంతా రాసింది, ఆవిడ ఫోన్లో నన్ను బాగా తిట్టింది. పడ్డాను. తిట్టడం అయ్యాక "ఆయన ముప్పై ఏళ్ళు వడ్రంగం చేశాడు, రంపం తలుచుకుంటే వస్తుందంటావా?" అని అడిగింది. వచ్చే నెల ఒడెట్ అక్కడికి వెళ్తోంది, ఈసారి అబద్ధం లేకుండా.

నా దవడ దాదాపు పోయింది. పొట్టలోకి గొట్టం వేశారు. నిన్న ఎమిల్ "నీకు ఇంకా నేనంటే కోపమా" అని తొమ్మిదిసార్లు అడిగాడు. ఐదుసార్లు అవును వచ్చింది. పోట్లాడే పెళ్ళాం ఇంకా మిగిలే ఉందని వాడు మురిసిపోయాడు.

ఇప్పుడు విను. 1989 ఈస్టరు నాడు ముక్కలు నా మొహాన కొట్టి లేచిపోయావు చూడు, ఆ జోకరు నా ఒళ్ళోనే ఉంది. దాచాను. నీ దగ్గర ఓడిపోవడం నాకు చేతకాలేదు. ఇప్పుడొచ్చి ఆడు, దాచడానికి చేతుల్లేవు.

ఈ ఉత్తరమంతా కళ్ళతోనే రాశాను, కింద సంతకం తప్ప. అది తలతో. దానికి గంటా పది నిమిషాలు పట్టింది. అప్పుడు నా పళ్ళ మధ్య ఉన్న మైనం బిళ్ళ ఈ కవర్లోనే పెట్టించాను. నువ్వు నన్ను ఎప్పుడూ నమ్మవు కదా, వేలితో రెండు పక్కలా తడిమి చూసుకో.

బెర్నీ