ఆరు హోల్డర్లు, ఒక లీకు

మార్చి 3, సోమవారం

అన్నయ్య మళ్ళీ నెగటివ్‌లు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. నాలుగింటికి నాలుగూ ఫాగ్, వెలుతురు తగిలి చెడిపోయాయి. రైలు బ్రిడ్జి నిక్షేపంగా పడింది, దాని మీద ఒక మూల నుంచి విసనకర్ర విప్పినట్టు నల్లటి మచ్చ. ఇవి హోల్డర్లు కావు, జల్లెడలు అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర నేను చేసేది హోల్డర్లే. పలకంత చెక్క చట్రం. అటొక ఫిల్మ్, ఇటొక ఫిల్మ్. వాటి మీద వెలుతురు పడకుండా జారుడు మూతలు, అవే స్లైడ్‌లు. స్లైడ్ దూరే నోటి దగ్గర లోపల నల్ల వెల్వెట్ పట్టీ. అందులో వెలుతురు దూరే సందు ఉంటే నాకు తెలియదా? ఎవరికి చెబుతున్నాడు?

21న ఆ బ్రిడ్జి కూల్చేస్తారు. పోయేలోగా పెద్ద ఫిల్మ్ మీద తీయించి పెట్టుకోవాలని ఇంజినీరమ్మ ముచ్చటపడి అన్నయ్యకు అప్పగించింది. 19న నెగటివ్‌లు చూస్తుందిట. బాగాలేకపోతే మిగిలిన రెండు రోజులకూ డిజిటల్ వాళ్ళని పెట్టుకుంటానందిట. రెండేళ్ళలో అన్నయ్యకి వచ్చిన పని ఇదొక్కటే. ఇది పోతే కెమెరా అటకెక్కినట్టే. దాని వెనకే మనిషి కూడా మంచమెక్కుతాడు. నాకు తెలుసు ఆయన సంగతి.

మార్చి 4

డార్క్‌రూమ్‌లో కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా కూర్చుని, ఒక్కో హోల్డర్‌కీ అంచుల వెంబడి టార్చ్ వేసి చూశాను. ఏమీ లేదు. అయినా నాలుగో నంబరుకి వెల్వెట్ మార్చాను. మార్చాక నా మీద నాకే కోపం వచ్చింది. బాగున్నదాన్ని ఎందుకు పీకినట్టు?

మార్చి 5

ఫిల్మ్ బదులు ఫోటో పేపర్ పెట్టి ఆరు హోల్డర్లనీ డాబా మీద ఎండలో పెట్టాను. పది నిమిషాలకోసారి పక్క తిప్పడం. బట్టలారేయడానికి వచ్చిన వదిన, వాటికేమైనా జలుబు చేసిందా, అలా కాపడం పెడుతున్నావని అడిగింది. నవ్వే ఓపిక కూడా లేదు.

పన్నెండు పేపర్లూ డెవలప్ చేశాను. పన్నెండూ మల్లెపువ్వుల్లా ఉన్నాయి, ఎక్కడా నల్లమచ్చ లేదు. తీసుకెళ్ళి అన్నయ్య ముందు పరిచాను. పేపర్ వేరు, ఫిల్మ్ వేరు అన్నాడు. ఫిల్మ్‌కి పేపర్ కన్నా చురుకెక్కువ, ఆ మాట నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

మార్చి 7

కెమెరాలో లెన్స్‌కీ హోల్డర్‌కీ మధ్య ఉండే తిత్తిలో బల్బు పెట్టి మడత మడతా చూశాను. సూదిబెజ్జం కూడా లేదు. నడుము పడిపోయింది.

మార్చి 8

అన్నయ్యా నేనూ వదిన ద్వారా మాట్లాడుకుంటున్నాం.

మార్చి 10

కొత్త టెస్ట్. ఆరు హోల్డర్లూ నంబర్ల వారీగా ఇచ్చాను, ఒక్కోదాంట్లో ఒక్కో ఫిల్మ్. తీసుకొచ్చాడు. ఒకటీ నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. రెండు, మూడు, అయిదు, ఆరు ఫాగ్. పోయిన వారం ఫిల్మ్‌లు పాడైన హోల్డర్లేమో ఒకటీ నాలుగూ!

లీకు హోల్డర్‌లో ఉంటే ఆ హోల్డర్‌నే పట్టుకుని వేళ్ళాడాలి కదా. ఇదేమిటి, అద్దెకున్నవాళ్ళలా ఇళ్ళు మారుతోంది! మారనిదల్లా చోటు. ఎప్పుడూ స్లైడ్ దూరే నోటి దగ్గరే, ఎప్పుడూ ఆ మూలే. ఈసారి నేనూ వెంట వెళ్తాను.

మార్చి 12

వెళ్ళాను. చూశాను.

మనిషి ఎక్కడా తగ్గలేదు. మబ్బు పక్కకి జరగాలని అరగంట నిలబడ్డాడు. నల్లగుడ్డలో తలదూర్చి ఫోకస్ చేశాడు. కెమెరా వెనక అద్దం మీద బ్రిడ్జి తలకిందులుగా ఎంత బాగుందో, నన్ను పిలిచి మరీ చూపించాడు. అలిగి ఉన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం.

హోల్డర్ పెట్టాడు, స్లైడ్ లాగాడు, క్లిక్ చేశాడు. అంతవరకూ బాగానే ఉంది. స్లైడ్ తిరిగి పెట్టే దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణికింది. కుడి మూల లోపలికి దూరింది, ఎడమ మూల బయటే ఉండిపోయింది. వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వంకరే. నాలుగోసారికి గానీ దూరలేదు. అంతసేపూ వెల్వెట్ ఒక పక్క నోరు తెరుచుకునే ఉంది, మిట్టమధ్యాహ్నపు ఎండ సూటిగా అందులోకి పోతోంది. ఆ తర్వాత చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఏమిటలా గుడ్లప్పగించి చూస్తున్నావని అడిగాడు. బ్రిడ్జిని అన్నాను.

నా హోల్డర్లకి ఏ రోగమూ లేదు. నేనే గెలిచాను. ఇంటికొచ్చేదాకా ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ముక్కు చీదుతుంటే, దుమ్ము పడదు నీకు అన్నాడు.

సాయంత్రం 6

వదినని నిలదీశాను. ఆరు నెలల నుంచీట. టీ సగం కప్పే పోస్తోందిట, ఒలకకుండా. బలానికని చెప్పి డాక్టర్ ఇచ్చిన మాత్రలు వేస్తోందిట. చలికి వణుకుతోందని ఆయన అంటాడు, నేనూ అవునంటానంది. ఆయనతో మాత్రం చెప్పకు, కెమెరా మానేసి ఇంట్లో కూర్చుంటే మాకిద్దరికీ పిచ్చెక్కుతుందని నవ్వబోయింది. నవ్వు రాలేదు పాపం.

మార్చి 13

స్లైడ్ పెట్టేటప్పుడు హోల్డర్ మీద నల్లగుడ్డ కప్పుకోమని మెల్లిగా చెప్పి చూశాను. ఒంటికాలి మీద లేచాడు. నలభై ఏళ్ళుగా గుడ్డ కప్పకుండానే తీశాట్ట. నీకు బాగుచేయడం చేతకాక నాకు పాఠాలు చెబుతావా అన్నాడు. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మొహం చూసి మింగేశాను.

మార్చి 16

మూడు రోజులుగా ఇత్తడి రేకు కోస్తున్నాను. హోల్డర్ నోటి ముందు రెండు పక్కలా చిన్న పట్టాలు. బయట వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. స్లైడ్ ఎంత వంకరగా పెట్టినా చక్కబడి, రెండు మూలలూ ఒకేసారి దూరాలి.

దూరుతోందో లేదో చూడాలంటే వణకాలి కదా. గదిలో కూర్చుని కావాలని చెయ్యి వణికిస్తూ స్లైడ్ పెట్టి చూస్తున్నాను. వదిన గుమ్మంలోకి వచ్చి, అచ్చం మీ అన్నయ్యే అని నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఇంకో యాభైసార్లు పెట్టాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

మార్చి 17

ఆరూ ఇచ్చాను. ఈ ఇత్తడి ఏమిటన్నాడు. నోటి దగ్గర సందు ఉంది, మూసేశానన్నాను. అంటే లీకు ఉందన్నమాట అన్నాడు. ఉందన్నాను. మొహం చేటంతయింది. ఇంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నాళ్ళయిందో.

మార్చి 19

ఎనిమిది నెగటివ్‌లు. ఎనిమిదీ శుభ్రం. బ్రిడ్జి రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఇంజినీరమ్మ మిగతా రెండు రోజులూ ఆయన్నే తీయమంది. డార్క్‌రూమ్‌లోంచి చిన్నపిల్లాడిలా నన్ను కేకేశాడు. తడి నెగటివ్ పట్టుకుని ఇద్దరం కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. నా కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం నుంచీ మాత్రం ఒకటే ఫోన్లు. లీకు మా చెల్లెలి హోల్డర్లలోనే, నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానని తెలిసిన ఫోటోగ్రాఫర్లందరికీ చెబుతున్నాడు. పక్క గదిలో కూర్చుని అన్నీ విన్నాను.

మార్చి 20

పెళ్ళి ఫోటోలాయన వచ్చి, బాగుచేయమని ఇచ్చిన రెండు హోల్డర్లూ వెనక్కి తీసుకెళ్ళాడు. తొందరేం లేదులెండి అన్నాడు నా మొహం చూడకుండా. పదిహేనేళ్ళ కస్టమర్. రోజంతా ఒక్క పనీ చెయ్యబుద్ధి కాలేదు.

మార్చి 22, శనివారం

బ్రిడ్జి లేదు.

ఇంజినీరమ్మ వచ్చింది, ఇంకో ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ వచ్చారు. వాళ్ళందరి ముందూ అన్నయ్య నన్ను పిలిచి, లీకు ఎక్కడుందో నీ నోటితోనే చెప్పు అన్నాడు. నా హోల్డర్లలోనే అన్నాను.

పోన్లే, పొరపాటు ఎవరికైనా జరుగుతుందంటూ నా నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కదులుతున్నట్టు ఎవరికీ తెలియకుండా మెడ బిగదీసుకుని నిలబడ్డాను.