నీ రేకు, నా గొట్టం

చి. బుల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని వేరే అడగక్కర్లేదు. మా ఆఫీసులో రోజుకొకరు వచ్చి చెప్పి పోతున్నారు.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. నీ ఫొటో పేపర్లో పడ్డ రోజు మాత్రం బిల్డింగంతా ఎక్కి దిగి, ఇంటింటికీ చూపించి వచ్చింది. ఆ రోజు మోకాలు గుర్తు రాలేదు.

వంటింటి కుళాయి బాగుచేయించావా అనీ అడిగావు. నేనే బిగించాను. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

ఇక నువ్వు తయారుచేసి, పరీక్షించమని పంపిన రేకు. పార్సిల్ విప్పగానే అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, మీదున్న రాగి ముక్కల్ని వేలితో తడిమింది.

"ఏం చేస్తుందే ఇది?" అంది.

నీ గొప్ప నేనే చెప్పాల్సి వచ్చింది. "హార్న్ యాంటెన్నా అంటే బాకా మూతిలా ఉంటుంది కదమ్మా. అందులోంచి వచ్చే రేడియో అల ఒకే తీరుగా, పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగే తీరునే పోలరైజేషన్ అంటాం. దీన్ని పెట్టిన పడవ పక్కకి ఒరిగిందనుకో, ఉపగ్రహానికీ దీనికీ పొత్తు కుదరదు, సిగ్నల్ పోతుంది. ఈ రేకుని మూతికి బిగిస్తే, అల గుండ్రంగా తిరుగుతూ బయటికొస్తుంది. పడవ ఎటు ఒరిగినా బెంగ లేదు. మెటాసర్ఫేస్ అంటారు దీన్ని."

"మరి నీ గొట్టం చేసేదీ అదేగా?"

"అదే."

అమ్మ ఒక చేత్తో రేకును పైకెత్తి బరువు చూసింది. ఆ తూకమే నన్ను కాల్చింది. హార్న్ వెనక తగిలించే ఆ బరువైన ఇత్తడి గొట్టానికి నా వయసంతా ధారపోశానని నీకు తెలుసు. నీకు ఈ విద్యలో ఓనమాలు దిద్దించింది కూడా ఆ గొట్టం మీదే.

పరీక్ష గదిలో నీ రేకు బిగించి, ఎదుటి యాంటెన్నాను గుండ్రంగా తిప్పాను. తెరమీద సిగ్నల్ గీత తొణకలేదు. మళ్ళీ తిప్పాను. అంతే. మా చీఫ్ వెనక నిలబడి చూసి, "ఇక మీ గొట్టం మ్యూజియానికే మేడమ్," అని నవ్వాడు. నేనూ నవ్వాను. కడుపులో మాత్రం పొయ్యి రాజుకుంది.

ఆ మంటతోనే మర్నాడు ఎవరూ అడగని పరీక్ష ఒకటి పెట్టాను. పడవ మీద ఎండ కాస్తుంది కదా అని, అమ్మ జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తీసుకెళ్ళి రేకుకు వేడిగాలి కొట్టాను. కాసేపటికి దాని రెండు పొరల్లో పైది మధ్యలో ఉబ్బింది. పొరల మధ్య ఎడం మారిపోయింది. గీత ఊగడం మొదలుపెట్టింది. గుండ్రంగా తిరగాల్సిన అల కోడిగుడ్డులా సాగింది.

ఎంత సంబరపడ్డానో చెబితే నమ్మవు.

ఇంతసేపూ నాన్చింది ఈ మాట చెప్పడానికే. వచ్చేవారం పడవల కంపెనీ వాళ్ళ ముందు, డాబా మీద, మిట్టమధ్యాహ్నం నువ్వు దీన్ని చూపించబోతున్నావని నాకు తెలుసు. నోరు మూసుకుందామనుకున్నాను. అందరిముందూ రేకు ఉబ్బడం, నీ ముఖం వాడిపోవడం, "అక్కా, ఏం చేయను?" అని నువ్వు ఫోన్ చేయడం, నేను తీరిగ్గా ఎత్తడం. ఒక పూటంతా ఇదే ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే అమ్మ అడిగింది, "చిన్నదాని రేకు పనిచేసిందా?"

"చేసింది."

"పోన్లే. నువ్వు చూశావంటే ఇక నాకు భయం లేదు."

సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాను బుల్లీ.

అందుకని విను. పొరల మధ్య ఖాళీ వదలకు. తెల్ల ఫోమ్ పలక నింపు. అది అలలకు అడ్డురాదు, పొరల్ని కదలనివ్వదు. నేనే కొలిచి, కోసి, పెట్టి చూశాను. ఎంత వేడి కొట్టినా గీత చెక్కుచెదరలేదు. అలా బిగించిన రేకే ఈ పార్సిల్లో ఉంది.

కుళ్ళు పోయిందా అంటావేమో. పోలేదు. ఫోమ్ కోస్తున్నంతసేపూ పళ్ళు నూరుతూనే ఉన్నాను.

ఆ రోజు సెలవు పెట్టి, అమ్మను తీసుకుని నేనూ వస్తున్నాను. ముందు వరుసలోనే కూర్చుంటాం. చప్పట్లు అందరికంటే గట్టిగా కొడతాను. నా ముఖం వైపు మాత్రం చూడకు.

ఇట్లు,
నీ అక్క