టైపు చేసి పెట్టిన చెల్లె

నిజామాబాద్,
ఆదివారం.

అన్నా,

అమ్మ, బాపు, నేను ముగ్గురం మంచిగానే ఉన్నాం. పుణెలో నువ్వు కూడా బాగున్నావని నీ చేతిరాతే చెబుతోంది, అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా వచ్చాయి. నువ్వు పంపిన పార్సెల్ గురువారం అందింది. చీర అమ్మకు నచ్చింది. కట్టుకోలేదు గానీ రెండుసార్లు మడత విప్పి చూసుకుని, పక్కింటి ఉమారాణి అక్కకు కూడా చూపించింది. "గింత మెత్తగున్నది, నా ఒంటి మీద నిలుస్తదా ఏంది?" అని నవ్వి పెట్టెలో పెట్టేసింది.

చీర మడతలో నీ ఉత్తరం కనబడితే మొదట ఆశ్చర్యపోయాను. పొద్దున లేస్తే ఫోన్‌లో మెసేజ్ పెట్టే మనిషి నాలుగు పేజీలు చేత్తో రాయడమేంటి అనుకున్నాను. చదివాక అర్థమైంది. ఫోన్‌లో రాస్తే ఆనవాలు మిగులుతుంది కదా. సరే, నేనూ కాగితం మీదనే రాస్తున్నాను. నువ్వు అడిగినవాటికి నువ్వు అడిగిన వరుసలోనే జవాబు చెబుతాను.

అమ్మ నడుము నొప్పి తగ్గలేదు. ఎక్కువసేపు కింద కూర్చోవద్దని డాక్టర్ చెబితే, "మరి బీడీలు నిలవడి సుడ్తరా సారూ?" అని ఆయన్నే అడిగి వచ్చింది. నూనె రాసి కాపడం పెడుతున్నాను.

బాపు బండి బాగైంది. మళ్ళీ వారానికి మూడు రోజులు పోచంపాడ్ పోయి చేపలు తెస్తున్నాడు. మన గల్లీ దాటకుండానే అమ్ముడుపోతున్నాయి. మొన్న కొర్రమట్ట దొరికితే ఇంటికే తెచ్చి, "భూమేష్ ఉంటే మంచిగ తింటుండె" అన్నాడు. నేను తలవంచుకుని తిన్నాను. నాకు ఆ పూట నీ పేరు వినాలని లేదు.

ఇక నీ మూడో ప్రశ్న. బండి సంగతికీ చీర సంగతికీ మధ్యలో, ఏదో ఉప్పు ధర అడిగినట్టు అడిగావు. "ముందే తయారుచేసుకునే నమూనాల పట్టికకు అంత పరిమాణమే ఎందుకు పెట్టినవ్? మా పెద్దసారు దేవిదాస్ గారు అడుగుతున్నరు, జల్ది చెప్పు" అని. దీనికి జవాబు ఉంది, చివర చెబుతాను.

దాని కిందనే రాశావు: "ప్రోగ్రాం మధ్యలో కొన్ని చోట్ల 'ర' అని ఉన్నదట, అదెవరని సారు అడిగిన్రు. మా చెల్లె, టైపు చేసి పెట్టిందని చెప్పిన. నువ్వేం అనుకోకు."

ఏమనుకోమంటావు అన్నా? ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. టైపు చేసి పెట్టింది! ఎనిమిది నెలలు, బోధన్ బస్సులో నిలబడి వచ్చి, ముఖం కడుక్కుని నీ లాప్‌టాప్ ముందు కూర్చున్నది టైపు చేయడానికా? నువ్వు చెబుతుంటే నేను కొట్టానా? ఒక్క రోజు, ఒక్క గీత నువ్వు చెప్పావేమో గుర్తు చేసుకో. నీకు గుర్తొస్తే నాకూ రాయి.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు అమ్మకు చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను. అందుకని ఆమెకు కూడా తెలిసేలా మొదటి నుంచి రాస్తున్నాను. నీకు తెలిసిందే అయినా ఓపిగ్గా చదువు.

బోధన్‌లో సమద్ సార్ ఆఫీసులో నా పని చెరుకు మళ్ళ పటాలు తయారుచేయడం. మడికొక చిన్న ఫైలు, ఊరంతా కనబడేలా పైనుంచి తీసిన పెద్ద ఫొటో ఒకటి. ఏ ఫైలు మార్చినా పాతది చెరిగిపోకుండా, ఏ రోజు ఎవరు ఏం మార్చారో పేరుతో సహా దాచిపెట్టే వ్యవస్థలో వాటిని పెడతాం. ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక చెయ్యి వేసి దాన్ని ఉచితంగా తయారుచేస్తున్నారు, దేవిదాస్ గారు అందరికీ పెద్ద. అంతా బాగుంది గానీ, దాచేటప్పుడు అది ఫైళ్ళను కుదించే పద్ధతి పాతది. ఒక ఊరి పటాలు దాచమని చెప్పి, చాయ్ తాగి, గ్లాసులు కడిగి వచ్చినా ఇంకా కుదిస్తూనే ఉండేది. సమద్ సార్ తల పట్టుకుని, "ఏం బిడ్డా, గానుగాడిస్తున్నదా నీ కంప్యూటర్?" అనేవాడు.

దానికి త్వరగా పనిచేసే పద్ధతి ఒకటి చేర్చాలని నాకు ఇంట్లోనే తట్టింది. అమ్మ ఒక్కొక్క బీడీకి ఒక్కొక్క ఆకు తీసి, తడిపి, కత్తిరించి, చుట్టదు. పొద్దున్నే ఆకంతా తడిపి, ఒకే కొలతకు కత్తిరించి పెట్టుకుంటుంది. ఆ తర్వాత చేతులు ఆగవు. మడి ఫైళ్ళు కూడా అంతే, సగానికి సగం ఒకే మాటలు, ఒకే కొలతలు. వాటిని ప్రతి ఫైలులో మళ్ళీ వెతకకుండా, ముందే ఒక పట్టిక చేసి పెట్టుకుంటే? అలా మొదలైంది. పూర్తయ్యాక, చాయ్ కప్పు ఎత్తేలోపు ఊరంతా దాచుకుపోయింది. ఆ రోజు నేను గట్టిగా అరిస్తే సమద్ సార్ పాము వచ్చిందనుకుని చెప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

దాన్ని దేవిదాస్ గారి వాళ్ళకు పంపేటప్పుడే మన ఇంటి తప్పు జరిగింది. లాప్‌టాప్ నీది, ఖాతా నీది. నాకు కొత్త ఖాతా తెరువుదామంటే నువ్వన్న మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది. "ఎవల పేరైతేంది రుచితా, ఇల్లు ఒక్కటే గద! అమ్మ బీడీలు పెద్దమ్మ పేరున్న కార్డు మీద సుట్టలేదా? తర్వాత నీ పేరు ఎక్కిద్దాం." నేను ఒప్పుకున్నాను. బీటెక్ చదివి రెండేళ్ళు ఖాళీగా ఉన్నావు, నీకూ కాస్త మర్యాద ఉంటుందనుకున్నాను. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నాకు భయం కూడా. నువ్వు గుంజుకోలేదు, నేనే ఇచ్చాను. అది కాదనను.

కానీ దేవిదాస్ గారు వీడియోలో మాట్లాడిన రోజు, నువ్వు కెమెరాలో కనబడుతూ, నేను గోడ పక్కన కూర్చుని పాత క్యాలెండర్ వెనక జవాబులు రాసి చూపిస్తుంటే, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు నన్ను పక్కకు పిలుస్తాడు అని గంటసేపు ఎదురుచూశాను. నువ్వు పిలవలేదు. పుణెలో తమ కంపెనీలో ఉద్యోగం ఇస్తామని ఆయన అన్నాక చెబుతావనుకున్నాను. పుణె బస్సెక్కాక చెబుతావనుకున్నాను. నా పద్ధతి చేర్చిన ఆ వ్యవస్థ కొత్త రూపం విడుదలైన రోజు వాళ్ళ పేజీలో నీ వ్యాసం చదివాను. "మా అమ్మ బీడీ ఆకులు కత్తిరించే పద్ధతి చూసి నాకీ ఆలోచన వచ్చింది" అని రాసుకున్నావు. నా పని తీసుకున్నావు సరే. అమ్మ పక్కన నేను కూర్చున్న పొద్దులను కూడా తీసుకుంటావా? నా పక్కలో పాములా తిరిగావనిపించింది. ఇంత మాట రాయాలనుకోలేదు, కొట్టివేయను కూడా.

ఇక నేను దాచింది చెప్పాలి. ఇది రాయడానికే పొద్దున్నుంచి పేజీలు నింపుతున్నాను.

నా ప్రోగ్రాంలో ఒక తప్పుంది. ఫైలు మరీ పెద్దదైతే దాన్ని ముక్కలు చేసి కుదిస్తుంది. కుదించడం సరిగ్గానే చేస్తుంది గానీ, విప్పేటప్పుడు కొన్నిసార్లు చివరి ముక్కను వదిలేస్తుంది. అప్పుడు ఆ ఫైలు తెరుచుకోదు. ఈ సంగతి కొత్త రూపం విడుదలైన నాలుగో రోజే నాకు తెలిసింది. నీకు చెప్పలేదు. వాళ్ళకూ చెప్పలేదు. దిద్దడం నాకు పూట పని. ఊరికే ఉన్నాను.

ఎందుకో నీకు తెలుసు. ఎక్కడో ఒకచోట అది పట్టుబడాలి, అందరి ముందు దేవిదాస్ గారు నిన్ను అడగాలి, నువ్వు నోరు తెరిచి నిలబడాలి. రోజూ బస్సులో అదే ఊహించుకుంటూ పోయాను. నలభై రోజులు. పేరు నీదైతే తప్పు కూడా నీదే కావాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పట్టుబడింది, నీ దగ్గర కాదు, నా దగ్గరే. పోయిన సోమవారం రుద్రూర్ అవతలి పల్లె నుంచి హన్మవ్వ అనే ఆమె వచ్చింది. ఒంటరి మనిషి, ఎకరన్నర చెరుకు. పక్క పొలమాయన గట్టు జరిపాడట. పోయిన ఏడు మా ఆఫీసు తీసిన ఊరి ఫొటో చూపిస్తే సర్వేయరు నమ్ముతానన్నాడట. ఆ ఫొటో తీసిన కెమెరా కార్డును జాగా కోసం నేనే చెరిపేశాను, కొత్త పద్ధతిలో దాచుకున్నాను కదా అన్న ధీమాతో. తెరిస్తే తెరుచుకోలేదు.

"ఏమైంది బిడ్డా, లేదా?" అంది.

"నెట్ లేదవ్వా, రేపు రా" అన్నాను.

మంగళవారం వచ్చింది. కరెంటు లేదన్నాను. బుధవారం కూడా వచ్చి, గడపలోనే కూర్చుని, "నువ్వు సదువుకున్న పిల్లవు, అబద్దమాడవు. నాకే నసీబు లేదు గావచ్చు. ఫొటువ లేకుంటె నా పొలమొడ్డు ఆనిదే అయితది" అంది. సమద్ సార్ ఆమెకు చాయ్ తెప్పించి నా వైపు ఒక్కసారి చూశాడు. నాకు భూమిలోకి పోయినట్టయింది. నీ మీద కోపానికి ఆమె గట్టు పోవాల్నా?

ఆ మధ్యాహ్నమే దిద్దాను. ఫొటో తెరుచుకుంది. గట్టు హన్మవ్వ చెప్పిన చోటే ఉంది. అచ్చు తీసి ఇస్తే కళ్ళకద్దుకుంది. ఆ దిద్దింది మాత్రం మా ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంచాను. మిగతా ఊళ్ళలో, మిగతా ఆఫీసుల్లో ఎంతమంది ఫైళ్ళు తెరుచుకోకుండా ఉన్నాయో. మర్నాడే నీ పార్సెల్ వచ్చింది, చీరలో ఆ ఉత్తరంతో.

నిన్న అమ్మకు అంతా చెప్పాను. ఆకు కత్తిరిస్తూ వింది. టైపు చేసి పెట్టిందన్న మాట దగ్గర కత్తెర ఆపింది. అప్పుడు చెప్పింది, మనిద్దరికీ ఎన్నడూ చెప్పని సంగతి. అమ్మ పద్దెనిమిదేళ్ళు చుట్టిన బీడీలన్నీ కంపెనీ లెక్కలో పెద్దమ్మ కార్డు మీదే ఎక్కాయి కదా. పింఛన్ల కోసం ఆఫీసరు వచ్చి ఇంట్లో ఎవరు చుడతారని అడిగితే, పెద్దమ్మ తన తోడికోడలైన అమ్మ వైపు చెయ్యి చూపించి, "గామె మా యారాలు, ఆకు కత్తిరిచ్చి ఇస్తది గంతే" అందట. అమ్మ ఆ రోజు నవ్వి లోపలికి పోయి, బియ్యం డబ్బా దగ్గర కూర్చుని ఏడ్చిందట. మనకు మాత్రం ఇల్లు ఒక్కటే కదా అని నేర్పింది. నువ్వు ఆ మాటే నా మీద వాడావు.

"నేను ఊకున్న. ఊకునుడు మంచిదని మీకు సుత నేర్పిన, నాదే తప్పు" అంది. "వాడు నా కొడుకే, వానికేమన్న అయితే నా కడుపు కాలుతది. అయినా నువ్వు నీ పేరు రాసుకో బిడ్డా. పోయిన ఏండ్లు నాయి పోనీ, నీయి పోనియ్యకు."

ఈ రోజు పొద్దున నా పేరున ఖాతా తెరిచాను. దిద్దిన ప్రోగ్రాం పంపాను. దాని పక్కన ఇంగ్లిష్‌లో, తప్పులున్నా సరే అని, నేనే రాశాను: పెద్ద ఫైళ్ళు విప్పేటప్పుడు చివరి ముక్క పోయే తప్పు ఇందులో ఉంది, చేసింది నేను, తెలిసి నలభై రోజులు దాచిందీ నేనే. ఈ పద్ధతి మొదటి నుంచి రాసింది కూడా నేనే, మా అన్న ఖాతా నుంచి పంపడానికి ఒప్పుకున్నాను, ఒప్పుకోకుండా ఉండాల్సింది. అంతే. నిన్ను దొంగ అని ఎక్కడా అనలేదు. ఆ వ్యవస్థలో నా పేరున మొట్టమొదట ఎక్కింది నా తప్పే అన్నా. అయినా ఆ పేరును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఈ ఉత్తరం అందేలోపే నీకు తెలిసిపోతుంది. ఫోన్ చేసి తిట్టాలనిపిస్తే తిట్టు. ఉద్యోగానికి ఏమన్నా అయితే ఇంటికి రా, నీ కంచం ఇక్కడే ఉంది. బాపుకు ఇంకా చెప్పలేదు, అది నువ్వే చెప్పు.

ఇక నీ మూడో ప్రశ్నకు జవాబు. అమ్మ ఎంత ఆకైనా ఒకేసారి తడపదు, ఆ పూట చుట్టగలిగినంతే తడుపుతుంది. ఎక్కువ తడిపితే మిగిలింది పాడవుతుంది, మళ్ళీ దాన్ని ఏరడానికే పొద్దుపోతుంది. పట్టిక కూడా అంతే, ఆ కొలత దాటితే దాన్ని తయారుచేయడానికే దాచేదానికంటే ఎక్కువసేపు పడుతుంది. ఇరవై ఆరేళ్ళు అమ్మ బీడీలు చుట్టే ఆ చాట పక్క నుంచే నడిచి బయటికి పోయావు. అమ్మ చేతులు చూసి ఆలోచన వచ్చిందని ఊరందరికీ రాశావు. ఒక్క పొద్దున నిజంగా చూసి ఉంటే ఈ ప్రశ్న నన్ను అడిగేవాడివి కాదు.

ఇట్లు,
ఆ ప్రోగ్రామూ ఈ ఉత్తరమూ రెండూ తానే రాసిన
నీ చెల్లె
రుచిత