బ్రేకు పైపూ బ్యాటరీ డ్రిల్లూ

1987వ సంవత్సరం సెప్టెంబరు నెల 20వ తేదీ, ఆదివారం. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు కాపురస్తుడు, చేనేత దుర్గప్ప గారి పెద్ద కుమారుడు, అరవై ఒక్క ఏళ్ల శంకరన్న అనే నేను, నా సొంత దస్తూరితో రాసుకుంటున్న వీలునామా.

నా బుద్ధి స్థిమితంగా ఉంది. దీన్ని ఎవరి బలవంతం మీదా రాయడం లేదు. నన్ను బలవంతపెడుతున్నవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లు కోరేది నేను నోరు మూసుకోవాలని. నాకు జబ్బేమీ లేదు. రేపో మాపో నేను పోతే, గుండె ఆగిందనో, జీపు అదుపు తప్పిందనో ఎవరైనా చెప్పినంతమాత్రాన నా వాళ్లు నమ్మవద్దు. ముందు జీపు కిందికి దూరి చూడవలెను.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఆదోనిలో ఉంటున్న రిటైర్డు హెడ్మాస్టరు భీమసేనరావు గారికి అప్పగిస్తున్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకునే ముందు లేచి వీధి తలుపు వేసి వచ్చారు.

1. నేను చూసినది ఆస్తి కాకపోయినా దాన్నే ముందు రాస్తున్నాను. ఈ ఏడు వేసవిలో, రంగప్ప అనే ఆసామి పెళ్లిళ్లకు బాడుగకు తిప్పే బస్సు ఆదోని దారిలో దిగుడు దిగుతూ మోరీ గోడను గుద్ది పడిపోయింది. తోలుతున్న బసవన్న, పెళ్లివాళ్లలో ముగ్గురు చనిపోయారు. నేను నా జీపులో ఆ వెనకే వస్తున్నాను. మనుషులను బయటికి లాగడానికి బస్సు కిందికి దూరితే, బ్రేకు ఆయిలు పైపు సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉంది. పగిలిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి సన్న తీగతో కట్టారు. ఆ కట్టు ఊడి వేలాడుతోంది. ఆయిలు నా చొక్కా మీద కారింది.

మర్నాడు రంగప్ప మనుషులు బస్సును తమ షెడ్డుకు లాక్కుపోయారు. తర్వాత చూసినవాళ్లకు కొత్త పైపు కనపడింది. బసవన్న తాగి తోలాడని రంగప్ప ఇప్పుడు ఊరంతా చెబుతున్నాడు. బసవన్న తాగడు. ముందురోజు టీ అంగడి దగ్గర అతను నాతో అన్న మాటలు ఇవి: "బ్రేకు నిలబడ్డం ల్యా అన్నా. సెప్తే, ఈ పెండ్లి పోయి రా, మల్ల సూద్దాం అంటాండాడు."

వచ్చే గురువారం ఆదోని కోర్టులో నేను సాక్ష్యం చెప్పవలసి ఉంది. ఆ కట్టును చూసినవాడిని బతికున్నవాళ్లలో నేనొక్కడినే. నేను కోర్టు మెట్లు ఎక్కలేకపోతే, చట్టం ప్రకారం చెల్లినా చెల్లకపోయినా, ఈ మొదటి అంశాన్ని భీమసేనరావు గారు అక్కడ గట్టిగా చదివి వినిపించవలెను.

2. నా స్వార్జితమైన ఇల్లూ, దాని వెనక దొడ్డీ నా భార్య వెంకటేశ్వరమ్మకు సర్వహక్కులతో చెందవలెను. కొన్ని నెలలుగా నేను జీపు తీసే ప్రతిసారీ ఆమె వాకిట్లో నిలబడుతోంది. బండి నాలుగడుగులు కదిలి, నేను బ్రేకు తొక్కి, చెయ్యి ఊపేదాకా లోపలికి పోదు. వద్దంటే వినదు. ఆమెకు ఇంతకంటే ఎక్కువ ఇవ్వవలసింది.

3. బండి పని ఇంట్లోనే ఎందుకు చేసుకుంటున్నానో నా వాళ్లకు తెలియాలి. కోర్టు సమను అందిన తర్వాత క్లచ్చి పనికి జీపును ఆదోనిలో ఒక షెడ్డులో వదిలాను. తిరిగి తెచ్చుకుంటుంటే మలుపులో స్టీరింగు వదులుగా తిరిగింది. దిగి చూశాను. స్టీరింగు రాడ్డు నట్టు ఊడకుండా దూర్చే పిన్ను లేదు. నట్టు చివరి చుట్టు మీద ఉంది. మెకానిక్కు మరిచిపోయి ఉండవచ్చు. అలాగే అనుకుని, ఇక మీదట పరాయి చేతులు తగలకూడదని స్పానర్లు, జాకీ, కరెంటు డ్రిల్లు కొని దొడ్లో పని పెట్టుకున్నాను.

వానపడిన ఒక పొద్దున డ్రిల్లు అందుకోబోతే, నేను చెయ్యి వేసే చోటే వైరు మీద తొడుగు లేచిపోయి రాగి మెరుస్తోంది. ఎలుక కొరికితే అంచు గరుకుగా ఉంటుంది. ఇది బ్లేడుతో గీసినట్టు నున్నగా ఉంది. కింద తడినేల. ముందురోజు సాయంత్రం గోడకు తగిలించినప్పుడు ఆ వైరు బాగానే ఉంది.

ఆ కరెంటు డ్రిల్లును ఎవరికీ ఇవ్వడం లేదు. దాన్ని పగలగొట్టి పారవేయవలెను. స్పానర్లు, జాకీ జీపుతో పాటే ఉండవలెను.

4. ఆ తర్వాతే నేను వైరు లేని డ్రిల్లు కోసం వెతికాను. కువైట్ నుంచి వచ్చిన ఒకతను ఆదోనిలో రెండు అమ్మజూపాడు. ఒకటి పెద్దది, చూడ్డానికి బలమైనది. దాని బ్యాటరీ కడుపులోనే బిగించి ఉంది, అది చస్తే మొత్తం పారేయాల్సిందే. రెండోది చిన్నది. దాని బ్యాటరీ ఊడదీసి పెట్టుకోవచ్చు, విడిగా ఇంకొకటి కూడా ఇచ్చాడు. ఒకటి పనిలో ఉంటే ఒకటి చార్జింగులో ఉంటుంది. చార్జరు మన కరెంటుకు సరిపోతుందని దాని వెనక అంకె చూసి ఖాయం చేసుకున్నాను. చిన్నదే తీసుకున్నాను. దానికి ఇంకో కారణం ఉంది. అది ఉరుకుందమ్మ చేతికి సరిపోతుంది.

ఉరుకుందమ్మ చనిపోయిన బసవన్న భార్య. బస్సు పడిన పదో రోజు వచ్చి గడప దగ్గర నిలబడి, "మా ఆయప్ప తాగినాడా అన్నా? నువ్వు సూసినావంట, సెప్పు" అని అడిగింది. తాగలేదమ్మా అన్నాను. కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మళ్లీ వారం వచ్చి, బ్రేకు పైపు ఎక్కడుంటుందో చూపించమంది. జీపు కింద చూపించాను. అప్పటినుంచి పని నేర్చుకుంటోంది. బండి తోలడం కూడా వచ్చింది. చక్రాల గాలి, బ్రేకు ఆయిలు నాకంటే ముందు ఆమే చూస్తుంది.

కనుక నా జీపు, పైన చెప్పిన స్పానర్లు, జాకీ, బ్యాటరీ డ్రిల్లు, రెండు బ్యాటరీలు, చార్జరు ఉరుకుందమ్మకు చెందవలెను. మంత్రాలయం యాత్రికులను తిప్పుకుని ఆమె బతకగలదు. ఆ డ్రిల్లు రేకుకు బెజ్జం వేయడానికి, విరిగిన బోల్టు తీయడానికి పనికొస్తుంది. చక్రం నట్ల మీద పెట్టవద్దు, వాటికి పొడుగు స్పానరే కావాలి. పనిలో వేడెక్కిన బ్యాటరీని చల్లారకుండా చార్జింగుకు పెట్టవద్దు. సాయంత్రం డ్రిల్లును దొడ్లో వదలకుండా ఇంట్లోకి తెచ్చి తాళం వేసుకోవలెను.

5. నా తమ్ముడు వెంకటేశ్వర్లు రంగప్ప దగ్గర గుమాస్తా. పోయిన వారం వచ్చి, చెప్పులు విడవకుండానే మాట్లాడాడు. "ఆ పొద్దు దుమ్ములో సరిగా కనపడల్యా అని సెప్పు సాలు అన్నా. నీ జీపుకు నాలుగు కొత్త టైర్లు యేయిస్తానన్నాడు." వేయించుకోకపోతే ఏమిటని అడిగాను. వాడు నేల చూస్తూ, "ఈ దసరాకు దేవరగట్టు కట్టెల జాతరకు పోవద్దు. ఆడ ఎవరి కట్టె ఎవరి తలకు తగిలిందో ఎవరూ అడగరు" అన్నాడు. నన్ను బెదిరించడానికి అన్నాడో, కాపాడడానికి అన్నాడో తెలియలేదు. వాడికీ తెలియదనుకుంటాను.

వాడికి మా నాయన మగ్గం మీద అడ్డనూలు నడపడానికి వాడిన నాడె ఇస్తున్నాను. మగ్గం గుంటలో నాయన పక్కన కూర్చుని దాన్ని అందించినవాడు వాడే. నేను ఆ పని నేర్చుకోకుండా లారీ ఎక్కి పోయాను. నాడె తీసుకోవడానికి వాడు ఈ ఇంటికి ఒంటరిగా రావలెను. వెంకటేశ్వరమ్మ వాడికి అన్నం పెట్టవలెను.

6. నా శవాన్ని రంగప్ప బండిలో ఎక్కించవద్దు. ఊరికే ఇస్తానన్నా, అతనే స్వయంగా వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నా వద్దు. నలుగురు మోయలేకపోతే తోపుడుబండి మీద తీసుకుపోండి.

ఇది నా మొదటి వీలునామా. బతికుంటే మార్చుకునే హక్కు నాకుంది.

(సంతకం) శంకరన్న

తర్వాత చేర్చినది, అదే రోజు సాయంత్రం:

సాక్షి సంతకాలకు ఉచ్చీరప్పనూ, సోమప్పనూ పిలిచాను. నేత సంఘంలో పనిచేసి మానుకున్న ఉచ్చీరప్ప సంతకం పెట్టాడు. ఎదురింట్లో పంక్చర్లు వేసే సోమప్ప కలం చేతిలోకి తీసుకున్నాడు. అంతలో వీధిలో ఒక మోటారు సైకిలు వచ్చి మా వాకిలికి ఎదురుగా ఆగింది. దాని మీదివాళ్లు దిగలేదు, ఇంజను ఆపలేదు. సోమప్ప కలం కింద పెట్టి, "పిల్లలు గలోన్ని అన్నా" అని దొడ్డిదారిన పోయాడు. అతని చెప్పులు ఇంకా మా గడప దగ్గరే ఉన్నాయి. ఇంకో ఇద్దరిని అడిగించాను. రాలేదు.

ఇద్దరు సాక్షులు లేనిదే వీలునామా నిలబడదని, లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం చేస్తే తర్వాత తగాదా అవుతుందని భీమసేనరావు గారు ఆదోనిలో నాతో ముందే చెప్పారు. ఆ మాట ఉచ్చీరప్పతో అంటుంటే, దొడ్లో చేతులు కడుక్కుంటున్న ఉరుకుందమ్మ విని లోపలికి వచ్చింది.

"నా పేరు ఆడ కొట్టేసి ఈడ పెట్టన్నా" అంది.

జీపు పోతుందమ్మా, నీ బతుకుతెరువు అది అన్నాను.

"మా ఆయప్ప తాగలేదని రాసింది ఈ కాగితం ఒకటే. ఇది నిలబడకుంటే నేను జీపు తోలి ఏం సేసేది?"

వెంకటేశ్వరమ్మ వద్దని ఆమె చెయ్యి పట్టుకుంది. ఉరుకుందమ్మ చెయ్యి విడిపించుకోలేదు, మాటా మార్చుకోలేదు.

కాబట్టి నాలుగో అంశంలో ఉరుకుందమ్మకు రాసినదంతా రద్దు చేస్తున్నాను. జీపు, డ్రిల్లు, తక్కిన పనిముట్లు ఏ షరతూ లేకుండా నా భార్యకు చెందవలెను. ఈ మార్పు నాకు ఇష్టమై చేసినది కాదు, కానీ నేనే చేశాను. వీధిలో ఇంజను చప్పుడు ఇంకా వినబడుతోంది. తలుపు తెరిచే ఉంచి, వాళ్లకు కనపడేలా సంతకాలు చేస్తున్నాము.

ఎమ్మిగనూరు, 20-9-1987

(సంతకం) శంకరన్న

సాక్షులు:

1. ఉచ్చీరప్ప, ఎమ్మిగనూరు

2. ఉరుకుందమ్మ, బస్సు డ్రైవరు బసవన్న భార్య