షీట్‌లో సుజాత గాజులు

శనివారం రాత్రి, క్రెయిగీబర్న్

బంగారం ధర పెరిగి, పొద్దున నా నెట్‌వర్త్ మిలియన్ డాలర్లు దాటింది. ఎక్సెల్ షీట్ తెరిచి సుజాతకు గొప్పగా చూపించాను.

మధ్యాహ్నం ఆమె తమ్ముడు రవి వచ్చాడు. "జాబ్ పోయి మూడు నెలలైంది బావగారూ, ఇంటి మార్ట్‌గేజ్ కట్టలేకపోతున్నా" అన్నాడు తలెత్తకుండా. సుజాత లోపలికెళ్లి, పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన నాలుగు గాజులు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"అవి షీట్‌లో ఉన్నాయి కదా!" అనేశాను.

"మా అమ్మ గాజులు మీ షీట్‌లోకి ఎప్పుడొచ్చాయండీ?"

రవి గాజులు టేబుల్ మీదే వదిలేసి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయాడు.

తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ గాజుల వరస చెరిపేద్దామని ఇప్పుడు షీట్ తెరిచాను. చెరిపితే మిలియన్ కిందకి పడిపోతుంది.

అరగంటైంది. ఇంకా చెరపలేదు.