పసుపు చుక్క పక్కన

గిద్దలూరు,
ఆదివారం

ప్రసన్నా, నా బంగారూ,

ఇంత లావు అక్షరాలు చూసి నవ్వుకుంటావేమో. పెన్నులన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు, దుకాణంలో మూటల మీద పేర్లు రాసే స్కెచ్ పెన్నే చేతికి దొరికింది. కంప్యూటర్ల పిచ్చోడికి కాగితం మీద రాసే గతి పట్టిందంటే అది నీ పుణ్యమే. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజీ పెడితే చూడవు. నిన్న మీ అన్న సతీష్ మాత్రం ఎత్తాడు. "బావా, ఇంక మా చెల్లెల్ని మర్చిపో. శుక్రవారం పెద్దమనుషుల్ని పిలిచినాం, తెగతెంపులు చేసుకుందాం" అన్నాడు. అందుకే మీ యర్రగొండపాలెం బేరానికి వస్తున్న మన పక్క దుకాణం నిత్యానందం మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీ వాళ్ళు మూలన పడేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చి పెట్టుకున్నా. విప్పితే లోపలంతా పలకల పొడి. ఊది ఊది దగ్గు పట్టుకుంది. చివరికి అది లేచి కూర్చుంది, నాకే మంచం దిగబుద్ధి కావడం లేదు. నా బాణాలు ఎక్కడెక్కడ దిగాయో గుర్తుపెట్టే మన ప్రోగ్రామ్ తెరిస్తే అన్నీ నువ్వు చెప్పిన చుక్కలే. పెరటి వెనక ఖాళీ స్థలంలో నేను బాణం వేస్తే, నువ్వు గోనెసంచుల గుట్ట దాకా నడిచి వెళ్ళి, అది ఎక్కడ దిగిందో గడియారం లెక్కన అరిచి చెప్పేదానివి, "రెండు గంటల వైపు, ఎనిమిది పాయింట్లు!" అని. వీధిలో వాళ్ళు "ఏంది ఫణీ, ఆలుమగలు ఇద్దరూ అరణ్యవాసానికి తయారవుతున్నారా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. నన్ను చూస్తే మాట మార్చేస్తున్నారు.

ఆ సాయంత్రం చెప్పిందే మళ్ళీ చెబుతున్నా. నువ్వు గోనెసంచుల దగ్గర ఉండటం చూశాను. బాణం వదిలేలోగా తప్పుకుంటావనుకున్నా. అది నీ కొంగు చించుకుని పోయింది. పొద్దున కొమరోలులో మీవాళ్ళ పెళ్ళికి రానని నీతో పోట్లాడాను, నిజమే. ఆ కోపం ఇందులో లేదు, నాయన మీద ఒట్టు. నన్ను నమ్ము. ఒక్కసారి ఫోన్ ఎత్తు.

నీ
ఫణి


గిద్దలూరు,
బుధవారం

ప్రసన్నకు,

మామ తిరిగొచ్చాడు. "ఆ పిల్ల నీ ఉత్తరం చదివి తలుపేసుకుందంట రా. అంత పాడు మాటలు ఏం రాసినావు?" అని నన్నే అడిగాడు. ఈసారి నిజం రాస్తున్నా. ఇది చదివాక నువ్వు రావద్దు.

పెన్ను దొరకలేదన్నది అబద్ధం. సన్నటి గీత నా కంటికి ఆనదు. ఉగాది అయ్యాక సరుకు కోసమని చెప్పి కర్నూలు పోయింది కంటి డాక్టరు దగ్గరికి. కంటి వెనక పొర ఎండిపోతోందట. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కలు పోతాయి, చివరికి మధ్యలోది కూడా పోతుంది. మందు లేదు. ఇప్పుడు నాకు లోకమంతా గొట్టంలోంచి చూసినట్టుంది. స్క్రీన్ మీద అక్షరాలు ఎందుకంత పెద్దవి చేశారని నువ్వు అడిగితే, కొత్త ఫ్యాషన్ అన్నాను. పెళ్ళికి రాననడం మీవాళ్ళ మీద అలక కాదు. రాత్రిపూట నిన్ను బండి మీద కూర్చోబెట్టుకుని కొమరోలు రోడ్డు మీద నడపలేను. ఆ మాట చెప్పలేక మీవాళ్ళను తిట్టాను.

ఆ సాయంత్రం చీకటి పడుతోంది. గోనెసంచుల మీద మనం కట్టిన బల్బు వెలుగులో పసుపు చుక్క స్పష్టంగా కనిపించింది. దాని పక్కన వంగి, తప్పిపోయిన బాణం వెతుకుతున్న నువ్వు కనిపించలేదు. అసలు కనిపించలేదు ప్రసన్నా. నువ్వు కేక వేశాక గానీ అక్కడ మనిషి ఉందని నాకు తెలియలేదు. నువ్వు పరిగెత్తుకొచ్చి "చూడలేదా మీరు?" అని అడిగినప్పుడు నా గుట్టు బయటపడిందని భయపడ్డాను. "చూసినాలే, నువ్వే తప్పుకుంటావనుకున్నా" అనేశాను. గుడ్డివాణ్ణి అనిపించుకోవడం కంటే అదే మేలనిపించింది. ఎంత పిరికివాణ్ణో చూడు.

విల్లు అమ్మకానికి పెట్టాను. కంప్యూటర్లు బడికి ఇచ్చేస్తాను. శుక్రవారం మీవాళ్ళు ఏ నింద వేసినా తల వంచుకుని ఒప్పుకుంటా. నీకు ఇంకా బోలెడు జీవితం ఉంది, ఒక గుడ్డివాడికి చెయ్యి పట్టుకుని దారి చూపుతూ దాన్ని పాడు చేసుకోవద్దు. ఆ బాణం ఇంకొంచెం ఇటు వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను తినేస్తోంది. నాకిక ఏ ఆశా లేదు.

ఇక సెలవు.

ఫణికృష్ణ


యర్రగొండపాలెం,
గురువారం

ఏమండీ,

నేనూ లావు పెన్నుతోనే రాస్తున్నా, మీకు ఆనాలని. పక్కింటి బట్టల కొట్లో అడిగి తెచ్చుకున్నా.

మీరు ఎంత పని చేశారో మీకు తెలుసా? బాణం తగలబోయిందని నేను పుట్టింటికి రాలేదు. మీరు "చూసినాలే" అన్నందుకు వచ్చాను. పొద్దున నన్ను తిట్టిన మనిషి, సాయంత్రం నన్ను చూసి మరీ బాణం వదిలాడు! ఈ మాట ఎవరితో చెప్పుకోను? అన్నతో సగమే చెప్పాను, అమ్మతో అదీ చెప్పలేదు. కళ్ళు మూస్తే మీ ముఖమే, విల్లు వెనక. పొరపాటున వదిలానని అంటారేమో, అంటే చాలని కాచుకుని ఉంటే, మొదటి ఉత్తరంలో కూడా చూశాననే రాశారు. ఆ రోజు నేను బతికి ఉండటం దండగనిపించింది.

ఇవాళ నిత్యానందం మామ రెండోది తెచ్చాడు, ఈ జవాబు కూడా ఆయన చేతికే ఇస్తున్నా. "కనిపించలేదు" అన్న చోట ఆగిపోయాను. అమ్మను పట్టుకుని "కనపడలేదంటమ్మా, నేను కనపడలేదంట!" అని ఏడుస్తూ నవ్వాను. "మొగుడికి కనపడకపోతే ఆ సంతోషమేందే, పిచ్చిదానా?" అంది అమ్మ. అప్పుడు మిగతాది చదివాను. ఇంక నవ్వలేదు.

మీ మీద కోపం పోలేదు. కర్నూలు ఒక్కరే పోయినందుకు బతికినన్నాళ్ళూ సాధిస్తాను. ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి పోదాం. ఆయన కూడా మందు లేదంటే, లేదు. అప్పుడూ కలిసే ఏడుద్దాం. కంప్యూటర్లు ఎవరికీ ఇవ్వొద్దు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్ కూడా ఉంటుందని మీరేగా చెప్పారు, అది ఎంత మాట్లాడినా నాకంటే ఎక్కువ మాట్లాడదులే. విల్లు అమ్మితే మాత్రం ఊరుకోను. ఇకమీదట నేను గోనెసంచుల దగ్గరికి పోయేది మీరు విల్లు కింద పెట్టాకే. బాణం వేసేటప్పుడు మీ వెనకే నిలబడతా. నేను వేయమనేదాకా తాడు లాగొద్దు. పసుపు చుక్క ఆనినన్నాళ్ళు మీరు చూడండి, ఆ తర్వాత ఎటు తిప్పాలో నేను చెబుతా.

శుక్రవారం ఎవరూ రానక్కర్లేదని నాయనతో చెప్పేశాను. సతీష్ అన్న మూతి ముడుచుకున్నాడు, వాడే సర్దుకుంటాడు. రేపు సాయంత్రం బస్సుకు వస్తున్నా. వెలుతురు ఉండగానే బస్టాండుకు చేరుకోండి. వచ్చే బస్సుల బోర్డులన్నీ చదవాలని తంటాలు పడొద్దు, దిగేవాళ్ళలో నా కోసం చూడొద్దు. బెంచీ మీద కూర్చోండి చాలు.

నేనే వచ్చి మీ పక్కన కూర్చుంటా.

మీ
ప్రసన్న