ఇందిరాదేవి టీచరును తిరువూరులోనే ఉంచవలెనని

తిరువూరు,
హేవిళంబి, కార్తీక మాసం.

మహారాజశ్రీ జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
తిరువూరు కాపురస్థులు బియ్యం మిల్లు ఆదిశేషయ్యగారి భార్య పరమేశ్వరి వ్రాసి పంపుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి బాలికల పాఠశాల టీచరు కుమారి ఇందిరాదేవిని బదిలీ చేయవలెనని పోయిన వారం తమకు చేరిన అర్జీలో ఉన్న నా సంతకం కొట్టివేయుట గురించి, మరియు సదరు టీచరును ఇక్కడే ఉంచుట గురించి.

నేను అర్జీలు వ్రాసి ఎరుగను. మా వారు సేల్సుటాక్సు ఆఫీసరుగారికి పెట్టుకున్న అర్జీ నకలు ఎదురుగా పెట్టుకుని, ఆ వరస ప్రకారం వ్రాస్తున్నాను. అందులో ఉన్నట్టే నంబర్లు కూడా వేశాను. రెండవ నంబరు ఆడవాళ్ళ సంగతి. తమరు మగవారు గనుక అక్కడికి వచ్చేసరికి కాగితం ఇంట్లో అమ్మగారి చేతికిచ్చి, మూడవ నంబరు దగ్గర మళ్ళీ పుచ్చుకొనగలరు.

ముందుగా ఒక మాట. ఆ టీచరంటే నాకు పడదు. సంతకం వెనక్కి తీసుకుంటున్నాను కదా అని ఆమె మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చిందని తమరు అనుకోవద్దు. ఆమె వలన నాకు జరిగిన అన్యాయములు ఏమనగా:

1. సదరు టీచరు ఈ ఊరు వచ్చినది మొదలు నా కూతురు చిరంజీవి రుక్మిణి, సెకండు ఫారం, నా కూతురుగా ఉండుట మానివేసినది. ఇంట్లో ఏం మాట్లాడినా "మా టీచరు చెప్పారు" అంటుంది. పాపిడి పక్కకు తియ్యమని టీచరు చెప్పారు. మజ్జిగ ఒంటికి మంచిదని టీచరు చెప్పారు. గోళ్ళు కొరకవద్దని టీచరు చెప్పారు. గోళ్ళు కొరకవద్దని ఆ పిల్లకు పాలపళ్ళు ఉన్నప్పటి నుంచి నేను మొత్తుకుంటున్నాను. నా మాటకు నోట్లోంచి వేలు తియ్యని పిల్ల, ఆమె ఒక్కసారి చెబితే మానేసింది. సదరు టీచరుకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, ఒక గొడుగూ ఒక ట్రంకు పెట్టే తప్ప వెనకాముందూ ఏమీ లేదు. అటువంటి మనిషికి నా పిల్ల మీద అంత అధికారం ఏ ఉత్తర్వు ప్రకారం దఖలు పరచబడినదో తెలియవలసి యున్నది.

2. (అమ్మగారు చదవవలసినది.) శనివారం ఆఖరి పీరియడులో సదరు టీచరు తలుపు మూసి, పెద్ద క్లాసుల ఆడపిల్లలకు ఆరోగ్యపాఠం చెబుతుంది. ఆడపిల్ల ఒళ్ళు ఎట్లా ఎదుగుతుందో, పెద్దమనిషి కావడమంటే ఏమిటో, ఆ రోజుల్లో గుడ్డలు ఎట్లా ఉతికి ఎండలో ఆరవేసుకోవాలో, అన్నీ చెబుతుందట. శ్రావణ మాసంలో మా రుక్మిణి బడిలోనే పెద్దమనిషి అయింది. సాయంత్రం పుస్తకాలు పట్టుకుని మామూలుగానే ఇంటికి వచ్చింది. నేను వసారాలో కందిపప్పు చెరుగుతున్నాను. దూరంగా నిలబడి చెప్పింది.

"అమ్మా, నేను పెద్దమనిషినయ్యాను. లెక్కల పీరియడులో. టీచరు అంతా చూసుకున్నారు. భయపడాల్సిందేం లేదు, నువ్వు ఏడవకు."

నన్ను ఏడవవద్దన్నది, అమ్మగారూ. నేను పెద్దమనిషినైన రోజున గంపలగూడెంలో మా నాన్నగారి కొట్లో బస్తాల వెనక దాక్కుని, ఏదో మాయరోగం వచ్చింది, చచ్చిపోతున్నాను అనుకుని ఏడ్చాను. నాకు ఎవరూ ముందు ఒక మాట చెప్పలేదు. నా కూతురికి ఆ గతి పట్టకూడదని, నేనే మెల్లగా చెప్పుకోవాలని, మధ్యాహ్నం పూట దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. తీరా కూర్చున్నాక నోరు పెగిలేది కాదు. ఇంకా చిన్నపిల్ల, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. ఇంతలో ఆమె చెప్పేసింది. అది నేను చెప్పవలసిన మాట. దాచుకున్న మాట. ఆమె ఎత్తుకుపోయింది.

తరువాత సిద్ధాంతిగారు ఫలం చూడటానికి వచ్చి, ఏ వేళకు అయింది, ఏ రంగు బట్ట కట్టింది, మొట్టమొదట ఎవరు చూశారు అని అడిగారు. వేళ నాకు తెలియదు. కన్నతల్లిని, నాకు తెలియదు. బడికి మనిషిని పంపి టీచరును అడిగించవలసి వచ్చింది. ముందు చూసింది ఎవరయ్యా అంటే, అదీ టీచరే. "కన్యక చూచినది, శుభమే" అని ఆయన కాగితం మీద వేసుకున్నారు. నా పిల్ల జాతకంలోకి కూడా ఆమె వచ్చి పీట వేసుకుని కూర్చుంది. తాటాకుల చాప మీద కూర్చోబెట్టి, చేతులు నొప్పి పుట్టేలా నేను చిమ్మిలి దంచి పెడితే, అది తింటూ రుక్మిణి అడిగిన మాట, బడికి మళ్ళీ ఎప్పుడు పంపుతావు అని.

3. (ఇక తమరు చదవవచ్చును.) మా వారి మేనమామ పుల్లయ్యగారు మా ఇంట్లోనే ఉంటారు. బడి కమిటీలో మెంబరు. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక ఇక బడి ఎందుకని ఆయన అన్నారు, మా వారు సరేనన్నారు. నేను అన్నం ముందు, అన్నం తరువాత, పక్క వేస్తూ, పక్క తీస్తూ మా వారిని బతిమాలాను. వినలేదు. ఒకనాడు సదరు టీచరు గొడుగు ముడుచుకుంటూ వచ్చి, వసారాలో కూర్చుని, నేను పెట్టిన కాఫీ తాగుతూ మా వారితో మాట్లాడింది. కాఫీ అయ్యేలోగా మా వారు ఒప్పుకున్నారు. పెళ్ళాం మాట గాలికి పోయింది, ఆమె మాట చెల్లింది. రుక్మిణి ఆమె వెంట వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపి వచ్చింది. కాఫీ గ్లాసు కడిగింది నేను.

4. పోయిన వారం పుల్లయ్యగారు టీచరు మీద అర్జీ రాయించుకుని వచ్చారు. "తలుపులేసుకుని ఆడపిల్లలకి పాడుమాటలు నేర్పుతోంది. పెద్దవాళ్ళకి ఎదురు తిరగమంటోంది. పిల్ల తల్లి సంతకం ఉంటే దీనికి బలం. పెట్టమ్మా" అన్నారు. చదవకుండానే పెట్టాను. అబద్ధమెందుకు, సంతోషంగా పెట్టాను. ఆమె ట్రంకు పెట్టె బస్సు మీదకు ఎక్కించడం, బస్సు మైలవరం వైపు తిరగడం నా కళ్ళకు కట్టింది. నేను సంతకం పెడుతుంటే రుక్మిణి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

పుల్లయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రావే రుక్కూ, నా పక్కన కూర్చో" అని దాని చెయ్యి పట్టుకున్నారు. రుక్మిణి విదిలించుకుని వెనక్కి జరిగింది.

"వద్దు తాతయ్యా. నన్ను పట్టుకోవద్దు."

మిల్లులో ఉన్నవాళ్ళకు వినపడేంత గట్టిగా అన్నది. "పెద్దాయన్ని అంత మాటంటావా?" అని మా వారు చెయ్యెత్తారు. నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో ఆ నిమిషంలో నాకు తెలియదు. పుల్లయ్యగారు మాత్రం నవ్వుతూ, "చూశావా, ఇదీ ఆ టీచరు చదువు" అన్నారు.

మర్నాడు పెరట్లో జడ వేస్తూ అడిగాను.

"ఎవరు నేర్పారే నీకా మాట?"

"టీచరే. ఎవరైనా సరే, మనవాళ్ళైనా సరే, ముట్టుకుంటే మనకి బాగోకపోతే గట్టిగా వద్దనాలి. అక్కణ్ణుంచి వచ్చెయ్యాలి. వచ్చి అమ్మకి చెప్పాలి."

"అమ్మకి చెప్పమందా ఆవిడ?"

"ప్రతి శనివారం చెప్తారు."

"మరి నాకేం చెప్పలేదేంటి?"

"నువ్వు తాతయ్య కాగితం మీద సంతకం పెట్టావుగా."

జడ సగం అల్లి ఉండగానే లేచి వెళ్ళిపోయింది.

5. నేను కొంగు బిగించి టీచరు గదికి పోట్లాటకు వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర వంకాయలు తరుక్కుంటోంది.

"నాకు చెప్పని సంగతి నా పిల్ల మీకేం చెప్పింది?" అన్నాను.

"నాకేం చెప్పలేదండీ. అడిగాను. తల అడ్డంగా ఊపింది. తనంతట తను చెప్పేదాకా ఆగాలి. మీరు మటుకు దాన్ని ఒంటరిగా వదలకండి పరమేశ్వరిగారూ."

ఆ అర్జీలో నా సంతకం ఉన్న సంగతి ఆమెకు తెలుసు. కమిటీవారు చెప్పారట. ఆ ఊసు ఎత్తలేదు. కూర్చోమని పీట వేసింది. నేను కూర్చోలేదు. ఏమీ చెప్పలేదన్న మాట నేను నమ్మనూ లేదు. నా పిల్ల మనసులో ఉన్నదంతా ఆమె దగ్గర పోసి, నా దగ్గరకు ఖాళీగా వస్తోందని కడుపు మండింది. ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడవునా ఏడ్చాను. ఆ రోజు నుంచి రుక్మిణిని నా పక్కలోనే పడుకోబెట్టుకుంటున్నాను. అటు తిరిగి పడుకుంటుంది.

6. ఇన్ని అన్యాయములు చేసిన మనిషిని ఇక్కడే ఉంచమని ఎందుకు కోరుచున్నానని తమరు అడుగవచ్చును. ఊళ్ళో ఉన్నంతకాలం ఆమె కూడా మనిషే. జలుబు చేస్తుంది, లెక్క తప్పితే బెత్తం తీస్తుంది, ఒకనాడు విసుక్కుంటుంది. వెళ్ళిపోయిందంటే ఇక దేవత. మా రుక్మిణి ఆమెకు ఉత్తరాలు రాస్తుంది, జవాబు కోసం వీధిలో పోస్టుమానుకు కాపలా కాస్తుంది. ఎదురుగా ఉన్న మనిషితో నేను పోటీ పడగలను గాని, వెళ్ళిపోయిన మనిషితో పోటీ పడటం నా వల్ల కాదు.

ఇంకొక కారణం కూడా ఉన్నది. మా ఇంట్లో గాని, కమిటీలో గాని, ఈ ఊళ్ళో గాని, నా కూతురిని నా దగ్గరకు వెళ్ళి చెప్పుకోమని చెప్పే మనిషి ఆమె ఒక్కతే. ఆమెను పంపించివేస్తే ఇక ఎవరు చెబుతారు? ఆ శనివారం పాఠం ఆపించవద్దు. తలుపు మూసుకునే చెప్పనివ్వండి.

కావున ఏలినవారు పై సంగతులు ఓపికగా చదివి, వెనుకటి అర్జీలో నా సంతకం మీద అడ్డగీత గీయించి, సదరు టీచరు మీద నాకున్న కోపమును అట్లే ఉండనిచ్చి, ఆమెను మాత్రం కదపకుండా ఉంచ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పరమేశ్వరి
(ఈ సంతకం అంతా చదువుకుని పెట్టినది.)

తా.క.: కవరు అంటించబోతుండగా రుక్మిణి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం రాస్తున్నావని అడిగితే కాగితాలు దాని చేతిలో పెట్టాను. చిమ్మిలి దగ్గర కొంచెం నవ్వింది. చివరిదాకా చదివి, కాగితాలు సరిగ్గా సర్ది, అప్పుడు చెప్పింది. పుల్లయ్యగారి సంగతి. ఎప్పటి నుంచో, అంతా. టీచరుకు ఇప్పటికీ చెప్పలేదట. ముందు నాకే చెప్పింది.

అయ్యా, ఆ పిల్ల ముందు నాకే చెప్పాలని ఎంత కుళ్ళుకున్నానో పైన వ్రాసే ఉన్నాను. చెప్పింది. విన్నాను. ఏం చెప్పిందో తమకు వ్రాయను. దాన్ని దగ్గరకు తీసుకోబోయి ఆగి, తీసుకోనా అని అడిగాను. ఊఁ అంది.

పుల్లయ్యగారి పెట్టె, చేతికర్ర, చెప్పులు వీధి అరుగు మీద పెట్టాను. ఆయనా మా వారూ మిల్లు కట్టేసి కలిసి వస్తారు. తలుపు గడియ వేసి ఉంది. మా వారు ఒక్కరే వస్తే తీస్తాను.